బేషెన్ బైకె వాసన

మనిషి కంటే ముందు వాసన వచ్చేది. ఆ తర్వాత మెట్ల మీద బూట్ల చప్పుడు, దాని వెనక దగ్గు, చిట్టచివర తలుపు సందులోంచి నక్కతోలు టోపీ. తలెత్తి చూడకుండానే కుందుజ్ ఆయన ఆ పొద్దున ఎక్కడినుంచి వస్తున్నాడో చెప్పగలిగేది. గుర్రపు చెమట ఎక్కువగా ఉందంటే ఏటి అవతల గడ్డివాముల దాకా వెళ్ళొచ్చాడు. పిడకల పొగ ఎక్కువగా ఉందంటే తమ్ముడింట్లో చాయ్ తాగి వచ్చాడు. ఈ రెండిటి అడుగునా ఏ రోజూ మారని మూడో వాసన ఒకటుండేది. కష్కులక్ కొవ్వు. కొండ బొరియల్లో చలికాలమంతా నిద్రపోయే ఆ చారల మూతి జంతువు కొవ్వును కరిగించి సీసాలో పోసుకుని, బేషెన్ బైకె పొద్దున ఒక చెంచా మింగేవాడు, మధ్యాహ్నం చొక్కా గుండీలు విప్పి రొమ్ముకు రాసుకునేవాడు. పాతనూనె, తడికుక్క, చేప, ఈ మూడిటినీ ఒక గిన్నెలో మరిగిస్తే వచ్చే వాసన అని కుందుజ్ ఒకసారి అనుకుంది. తర్వాత అది కూడా తక్కువేననిపించింది.

అట్‌బాషీలో, పచ్చికబయళ్ల కొలతల ఆఫీసులో, ఇద్దరిదీ ఒకే గది. ఆ ఊళ్ళో వయసులో పెద్దయిన మగవాళ్ళను బైకె అని, ఆడవాళ్ళను ఎజె అని పిలుస్తారు, అన్నా అక్కా అన్నట్టు. ఆమె కంప్యూటర్ మీద పటాలు గీస్తుంది. ఆయన గుర్రమెక్కి కొండలు తిరిగొచ్చి ఏ పచ్చిక ఎక్కడ ఆగిందో, ఏ ఊట ఎటు జరిగిందో చెబుతాడు. ఆయన వేలు తెర మీద పెట్టి చూపించినచోటల్లా జిడ్డు మరక పడుతుంది. ఆమె తుడుచుకుంటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె పటంలో ఒక ఏరును కొండ మీదికి పారించేసినప్పుడు, పై అధికారి ముందు ఆ తప్పు తనదేనని నెత్తిన వేసుకున్న మనిషి ఆయన. ఆయన కోసం ఆమె ఏమైనా చేస్తుంది. పక్కన కూర్చోవడం ఒక్కటే కష్టంగా ఉండేది.

వేసవిలో ఫరవాలేదు, ఆయన కొండల్లో ఉంటాడు. ఆఫీసులో ఉన్నా కిటికీలుంటాయి. అక్టోబరు చివర్లో మాత్రం పక్క గది క్లారా ఎజె కిటికీ సందుల్లో దూది కూరి, పైన మైదాజిగురుతో కాగితపు పట్టీలు అంటించేస్తుంది. ఇక వసంతం పండగ దాకా అవి ఊడదీసేది లేదు. ఆ ఊళ్ళో చలికి ఎవరూ భయపడరు, సందులోంచి వచ్చే గాలికి భయపడతారు. అది తగిలితే నడుం పట్టేస్తుంది, చెవిపోటు వస్తుంది, మూతి వంకర పోతుంది. కాబట్టి నవంబరు నుంచి ఆ గదిలో ఉన్న గాలే మళ్ళీ మళ్ళీ పీల్చుకోవాలి. వేడినీళ్ల గొట్టం మీద బేషెన్ బైకె ఉన్నిబూట్లు ఆరుతుంటాయి. గొట్టం కింద కొవ్వుసీసా, గడ్డకట్టకుండా.

"నువ్వే చెప్పాలి," అంది క్లారా ఎజె ఒకరోజు. ఆఫీసులో జీతాలు చూసే పెద్దావిడ ఆమె. "నేను చెప్తే అలుగుతాడు. పై అధికారి చెప్తే టోపీ పెట్టుకుని వెళ్ళిపోతాడు. నువ్వంటే ఆయనకి కూతురు లెక్క."

"ఏమని చెప్పను ఎజె?"

"కంపు కొడుతున్నారని."

"ఎజె."

"సరే, నాజూగ్గా చెప్పు. మీరు మంచివాళ్ళు బైకె, మీ కోటే మంచిది కాదు అను." క్లారా ఎజె తన శాలువా కొస ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంది. "మా ఇద్దరికీ మధ్య గోడ ఉంది. అయినా నిన్న ఇంటికెళ్తే మా ఆయన, ఏ గొర్రెలకాపరితో తిరిగొచ్చావే అన్నాడు. ముప్ఫయ్యేళ్ళ తర్వాత నా మీద అనుమానపడ్డాడు, పాపం. సంతోషించాలో ఏడవాలో తెలీలేదు."

కుందుజ్ నవ్వింది. చెప్తానంది.

ఆయన్ని ప్రేమించే మనసు, ఆయన్నుంచి పారిపోయే ముక్కు, రెండూ ఒకే ఒంట్లో ఎలా ఉంటాయో ఆమెకు అర్థమయ్యేది కాదు. మనసును మందలించవచ్చు, సర్దిచెప్పవచ్చు. ముక్కు వినదు. అది ఎవరి మాటా వినని చిన్నపిల్ల. పైగా ఆమె తన ముఖాన్ని చాలాకాలంగా అదుపులో పెట్టుకున్న మనిషి. తొమ్మిదేళ్ళ కాపురంలో నేర్చుకున్న పెద్ద విద్య అదే. పెళ్ళయిన కొత్తలో ఒకసారి ఉడికిన మాంసం ముందు ముక్కు చిట్లిస్తే, అత్తగారు సాదత్ అపా చేతిలో గరిటె అలాగే ఆపి చూసింది. ఆ ముసలికళ్ళలో దీపం పెట్టినట్టు వెలుగొచ్చింది. ఆ నెలాఖరుకే ఆ దీపం ఆరిపోవడం కూడా కుందుజ్ చూసింది. ఒక్క మాట అనలేదావిడ. అన్నా బాగుండేది. అప్పటినుంచి కుందుజ్ ఏది వడ్డించినా తినేది, ఏ వాసనకీ తల తిప్పేది కాదు. ఆ ఇంట్లో ఆమెకు ఒక పూట అజీర్తి చేసే హక్కు కూడా లేదు. ఒకరికి ఆశ పుట్టించడమంటే వాళ్ళ చేతిలో నిప్పుకణిక పెట్టినట్టేనని ఆమెకు తెలుసు.

కాబట్టి ఆ విద్యనే ఆఫీసులోనూ వాడుకుంటూ వచ్చింది. డిసెంబరులో ఒక మధ్యాహ్నం అది పనిచేయలేదు.

ఆ రోజు బేషెన్ బైకె తమ్ముడింట్లో గొర్రెను కోశారు. తోకకొవ్వు, కార్జం, నాలుగు వెల్లుల్లి పాయలు ఆయన మూట కట్టుకొచ్చి, బల్ల మీద పేపరు పరిచి, గొట్టం మీద మూట వెచ్చబెట్టాడు. అంతకు ముందే రొమ్ముకు కొవ్వుమందు రాసుకున్నాడు. బూట్లు ఆవిరి కక్కుతున్నాయి. ఒక ముక్క మీద ఇంకో ముక్క పెట్టి, చాకు కొసతో ఆమె వైపు చాపాడు.

"తిను తల్లీ. పటాలు గీసీ గీసీ పటంలా అయిపోయావు."

"బైకె," అంది కుందుజ్. రాత్రంతా కూడబలుక్కున్న మాటలు నాలుక మీదే ఉన్నాయి. "బైకె, మీతో ఒకటి చెప్పాలి. ఈ వాసన..."

అక్కడ ఆగిపోయింది. నోట్లో నీళ్ళూరి, చెవుల్లో హోరు మొదలైంది. శాలువా నోటికి అడ్డం పెట్టుకుని, కోటు కూడా తీసుకోకుండా మెట్లు దిగి వెనక పెరట్లోకి పరుగెత్తింది. బొగ్గులకొట్టం గోడ పట్టుకుని వంగింది. ఏమీ రాలేదు. మంచు మీది గాలి చల్లగా లోపలికి వెళ్ళింది. ఆ క్షణాన ఆమెకు సిగ్గుకంటే ముందు హాయే కలిగింది.

బేషెన్ బైకె ఆమె కోటు పట్టుకుని వచ్చాడు. ఆమె భుజాల మీద కప్పాడు. తన టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఆ చలిలో ఆయన బట్టతల చూసి కుందుజ్‌కు భయమేసింది.

"నాకు ఆ వాసన పడటం లేదు బైకె," అంది. అనేసింది. ఇంత సులువా అనిపించింది.

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. చూస్తుండగానే ఆ ముడతల ముఖంలో ఒక్కొక్క ముడతా కదిలింది. సాదత్ అపా కళ్ళలో ఒకప్పుడు వెలిగిన దీపాన్ని కుందుజ్ వెంటనే గుర్తుపట్టింది.

"ఏమీ చెప్పకు," అన్నాడాయన గొంతు తగ్గించి. "మూడో నెల దాటేదాకా నోటితో అనకూడదు. నేను నలుగురు పిల్లల తండ్రిని, నాకు తెలీదా. నా భార్యకి ప్రతిసారీ మొదట నా మీదే వేవిళ్ళు. గుడిసెలోంచి గెంటేసేది."

"కాదు బైకె..."

"అనొద్దన్నానా." ఆయన రెండు చేతులతో ఆమె తల దగ్గరికి తీసుకుని, నుదుటి మీద ముక్కు ఆనించి, గుండె నిండా వాసన పీల్చాడు. అక్కడి పెద్దవాళ్ళు పిల్లల్ని ముద్దుపెట్టుకునే తీరు అది. దూరం వెళ్ళేవాళ్ళను, దూరం నుంచి వచ్చినవాళ్ళను, కడుపున పుట్టినవాళ్ళను అలాగే వాసన చూస్తారు. తండ్రి పోయాక కుందుజ్‌ను అలా ఎవరూ దగ్గరికి తీసుకోలేదు. ఆయన కోటులోంచి కష్కులక్ కొవ్వు గుప్పుమంది. ఆమె ఊపిరి బిగబట్టుకుంది. కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి. ఎందుకొచ్చాయో ఆయన తనకు తోచినట్టు అర్థం చేసుకున్నాడు.

మర్నాడు పొద్దున వాసన రాలేదు. మెట్ల మీద చప్పుడు మాత్రమే వచ్చింది. బేషెన్ బైకె ఉతికిన చొక్కా వేసుకుని, ఎవరిదో పాత సూటు తొడుక్కుని, మెడ దగ్గర ఎర్రగా గీరుకుపోయేలా గడ్డం గీసుకుని వచ్చాడు. బూట్లు కిందే విప్పేశాడు. గొట్టం కింద సీసా లేదు. ఆయన కోటు బొగ్గులకొట్టంలో మేకుకు వేలాడుతోంది.

"ఏం మంత్రం వేశావే పిల్లా," అంది క్లారా ఎజె నడవాలో. "స్నానాలగదికి వెళ్ళి పొయ్యి ఆరేదాకా బయటికి రాలేదట. ఏమన్నావు?"

"చెప్పాను అంతే."

"నాజూగ్గానే?"

"నాజూగ్గానే."

ఆ రోజే చెప్పేయాల్సింది. చెప్పడానికి చాలా సందులు దొరికాయి. ప్రతిసారీ కుందుజ్ ఆ సందు దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. ఎందుకు వెనక్కి వస్తున్నానని తనను తాను అడిగేది. ఆయన మనసు కష్టపెట్టలేక అని జవాబు వచ్చేది. ఆ జవాబు నిజమే, కానీ అది మొత్తం నిజం కాదు. గదిలో గాలి బాగుంది. అది ఒకటి. ఇంకోటి, చూసుకోవడానికి ఇష్టంలేనిది, ఆయన తన వైపు చూసే చూపు బాగుంది. నడుస్తుంటే తలుపు తీసి పట్టుకుంటాడు. పటాల కట్ట ఎత్తనివ్వడు. సంచిలోంచి ఒక రోజు ఎండు జల్దరుపండ్లు, ఒక రోజు కురుత్ అనే పుల్లటి ఎండుపెరుగు ఉండలు తీసి మాట్లాడకుండా ఆమె బల్ల మీద పెడతాడు.

"ఏది తినాలనిపిస్తే అది అడగాలి," అన్నాడు ఒకసారి. "వేవిళ్ళ కోరిక తీర్చకపోతే పుట్టేవాడి నోటమ్మట ఎప్పుడూ చొంగే. మా రెండోవాణ్ణి చూశావుగా. వాళ్ళమ్మ గుర్రపుగుండె అడిగింది, నేను ఆ వారం ఊళ్ళో లేను. ఇప్పటికీ నోరు మూసుకోడు వెధవ."

ఆమె నవ్వింది. నవ్వుతూ ఉండగా తన అరచెయ్యి పొట్ట మీద ఆని ఉండటం గమనించింది. ఎప్పుడు వెళ్ళిందో ఆ చెయ్యి, ఎవరి అనుమతితో వెళ్ళిందో తెలియదు. నిప్పు తగిలినట్టు తీసేసింది. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ, ఇన్నాళ్ళూ ఇతరుల ఆశకు కాపలా కాస్తున్నాననుకున్నానే, నాది ఎక్కడ దాచానో మర్చిపోయానే అనుకుంది.

ఇంకొకటి కూడా జరుగుతోంది. బేషెన్ బైకె దగ్గు మారింది. రెండేళ్ళ కిందట ఊరంతా జ్వరాలతో పడ్డ చలికాలం ఆయన నరీన్ ఆసుపత్రిలో చావు అంచుదాకా వెళ్ళొచ్చాడు. అప్పుడు పాడైన ఊపిరితిత్తుల కోసమే ఆ కొవ్వు. అది మానేశాక దగ్గు పొడిగా, లోతుగా, బావిలో చేద తగిలినట్టు వస్తోంది. దగ్గొచ్చినప్పుడల్లా ఆయన ఆమెకు ఇబ్బందని నడవాలోకి వెళ్ళి, గోడకు ఆనుకుని దగ్గి, పెదాలు తుడుచుకుని లోపలికి వచ్చేవాడు.

"మందు వాడటం లేదా బైకె?"

"దాని సంగతి వేసవిలో చూద్దాంలే. నువ్వు ఒడ్డున పడ్డాక."

జనవరిలో ఒక మంగళవారం ఆయన బాగా సంతోషంగా వచ్చాడు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. "ఒక తప్పు చేశాను, తిట్టకు. మా ముసలిదానికి చెప్పేశాను. దానికొక్కదానికే. అది ఏడ్చింది. తొమ్మిదేళ్ళ తర్వాత కదా. శుక్రవారం మీ ఇంటికి వస్తానంటోంది. పిండి బోర్సోకులు వేయించుకుని, మీ అత్తగారికి శుభవార్తకి తలకు కట్టే తెల్లగుడ్డ పట్టుకుని. సాదత్ అపా నోరు కట్టుకుని కూర్చుని ఉంటుంది, ఇద్దరం కలిసి కాసేపు ఏడ్చుకుంటాం, పోయేదేముంది అంటోంది."

కుందుజ్‌కు తెర మీది గీతలన్నీ ఒకదాన్లో ఒకటి కలిసిపోయాయి. సాదత్ అపా తలుపు తీయడం కనపడింది. తెల్లగుడ్డ అందుకోవడం, అది దేనికో అర్థం కావడం, తల తిప్పి కోడలి వైపు చూడటం కనపడింది. ఆ చూపు ఈసారి ఆరిపోతే మళ్ళీ వెలగదు. ఆవిడకి డెబ్భై దాటాయి.

లేచి వెళ్ళి గది తలుపు వేసింది. మళ్ళీ వచ్చి కూర్చుంది. ఎప్పుడూ ఆయన ముఖంలోకి చూసి మాట్లాడే మనిషి, ఆయన చేతుల వైపు చూస్తూ మాట్లాడింది.

"బైకె, నేను కడుపుతో లేను. అప్పుడూ లేను, ఇప్పుడూ లేను. డాక్టర్లు ఇక లేదని చెప్పి మూడేళ్ళయింది. ఆ సంగతి మా ఆయన తిలెక్‌కీ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. మా అత్తగారికి చెప్పలేదు. మీరు పొరబడ్డారు, నేను పొరబడనిచ్చాను."

బేషెన్ బైకె చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి. గొట్టంలో నీళ్ళు గుటకలు వేస్తున్న చప్పుడు వినిపించింది.

"మరి ఆ రోజు వాంతి?" అన్నాడు.

"వాసనకి."

"దేని వాసనకి?"

"మీ వాసనకి బైకె."

అన్నాక ఆమె కళ్ళెత్తింది. కోపం ఉంటుందనుకుంది, సిగ్గు ఉంటుందనుకుంది. ఆయన ముఖంలో ఆ రెండూ లేవు. ఎవరో దూరంగా పిలుస్తుంటే వినడానికి ప్రయత్నిస్తున్న మనిషిలా ఉన్నాడు.

"నాకు వాసన ఉందా?"

"ఉంది."

"ఎలాంటిది?"

"బైకె, వదిలేయండి."

"లేదు, చెప్పు. మర్యాదకి తగ్గించకు. ఎలాంటిది?"

ఆమె చెప్పింది. మొదట ఒక్కొక్క మాటా ఏరి ఏరి, క్షమాపణలా చెప్పింది. గుర్రపు చెమట. పిడకల పొగ. ఉన్నిబూట్ల తడి. వెల్లుల్లి. వీటన్నిటి కింద కష్కులక్ కొవ్వు. ఆయన తల ఊపుతూ ముందుకు వంగాడు.

"గుర్రం అంటే, జీను తీసిన వెంటనే వచ్చేదా, ఆరిపోయాక వచ్చేదా?"

"ఆరిపోయాక వచ్చేది. ఉప్పగా ఉంటుంది."

"ఉప్పగా," అన్నాడాయన. "అవును. ఉప్పగానే ఉండేది." కళ్ళు మూసుకున్నాడు. "పొగ? ఆవుపిడకా, గొర్రెదా?"

"నాకు తేడా తెలీదు బైకె."

"గొర్రెది కొంచెం తియ్యగా ఉంటుంది. ఈసారి చూడు." ఆయన కళ్ళు తెరిచి, టోపీ తీసి చేతుల్లో తిప్పుతూ కూర్చున్నాడు. "ఆ జ్వరం పోతూ పోతూ నా ముక్కును పట్టుకుపోయింది తల్లీ. రెండేళ్ళయింది. ఏదీ తెలీదు. సీసాలో ఉన్నది కొవ్వో నీళ్ళో చూపుతో చెప్పాలి."

"ఎవరికీ చెప్పలేదా?"

"ఏమని చెప్పేది? కళ్ళు పోతే చెయ్యి పట్టుకు నడిపిస్తారు. ముక్కు పోతే నవ్వుతారు. మా ముసలిదానికి కూడా చెప్పలేదు. అది వండింది మూతపెట్టి తెస్తే, ఆహా ఏం వాసన అంటాను. సంతోషిస్తుంది." "దానికేముంది, అబద్ధమాడి బతకచ్చు. పిల్లలతోనే కష్టం. పరుగెత్తుకొచ్చి నుదురు ముందుకు పెట్టి నిలబడతారు. వాసన చూస్తాను. గోడని వాసన చూసినట్టుంటుంది. నా పిల్లల్ని నేను చీకట్లో వాసనతో గుర్తుపట్టేవాణ్ణి. మనవల్లో ఇద్దరి వాసన నాకు అసలు తెలీనే తెలీదు, వాళ్ళు ఆ తర్వాత పుట్టారు."

పెరట్లో తన తల పట్టుకుని ఆయన గుండె నిండా పీల్చిన ఊపిరి కుందుజ్‌కు గుర్తొచ్చింది. ఆ ఊపిరిలో ఆయనకు ఏమీ అందలేదన్నమాట. తనకు మాత్రం అంతా అందింది, తనేమో ఊపిరి బిగబట్టుకుంది.

"మీ ఆవిడకి..." అంది.

"నేను చెప్తాలే. ముసలాడి వెర్రి, గాలికి తుమ్మితే కూడా పురుడే అనుకుంటాడు అని నవ్వుతుంది. బోర్సోకులు నేనే తినేస్తాను. మీ అత్తగారి దాకా పోదు." లేచి నిలబడ్డాడు. కుర్చీని ఎక్కడినుంచి లాగాడో అక్కడ పెట్టాడు. "నేను అటు గోదాములో కూర్చుంటాను. అక్కడా బల్ల ఉంది."

"గోదాములో పొయ్యి లేదు."

"కోటు ఉంది."

"కూర్చోండి బైకె," అంది కుందుజ్. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "రేపటినుంచి కొవ్వు రాసుకోండి. ఆ దగ్గు వినలేకుండా ఉన్నాను. సీసా గొట్టం కింద వద్దు, నడవాలో పెట్టండి. బూట్లు కింద. వెల్లుల్లి ఆదివారాలు."

"ఆదివారం ఆఫీసు లేదు."

"అందుకే."

ఆయన మీసం కింద ఏదో కదిలింది. నవ్వని చెప్పలేం. కూర్చున్నాడు.

కిటికీ సంగతి మాత్రం అంత తేలిగ్గా తేలలేదు. మర్నాడు కుందుజ్ చాకు తీసుకుని పైన ఉన్న చిన్నరెక్క చుట్టూ కాగితపు పట్టీ కోస్తుంటే క్లారా ఎజె గుమ్మంలో నిలబడి గుండె మీద చెయ్యి వేసుకుంది. "జనవరిలో కిటికీ తీస్తున్నావా? నీకేమైంది పిల్లా? ముగ్గురం మూతులు వంకరపోయి పోతాం. పెళ్ళిళ్ళకి పిలవరు మనల్ని."

"మధ్యాహ్నం కాసేపే ఎజె. చాయ్ తాగినంతసేపు."

"బేషెన్, నువ్వు చూస్తూ ఊరుకున్నావా? నీ ఊపిరితిత్తులు?"

బేషెన్ బైకె అప్పటికే టోపీ చెవుల మీదికి లాక్కుని, కోటు గుండీలన్నీ పెట్టుకుని, బల్ల ముందు కొండ ఎక్కబోయే మనిషిలా కూర్చుని ఉన్నాడు. "తెరవనీ," అన్నాడు. "కంపు కొడుతున్నానట."

క్లారా ఎజె కుందుజ్ వైపు చూసింది. "ఇదేనా నీ నాజూకు?"

ఆ తర్వాత పొద్దుటిపూట ఒక అలవాటు ఏర్పడింది. బేషెన్ బైకె గుమ్మంలో ఆగేవాడు. కోటు ఇంకా విప్పకుండా, చేతులు రెండూ పక్కకు వేలాడేసి, డాక్టరు ముందు నిలబడ్డట్టు నిలబడేవాడు.

"ఇవాళ?"

కుందుజ్ దగ్గరికి వెళ్ళి, కళ్ళు మూసుకుని, ఊపిరి లోపలికి తీసుకునేది. ఎన్నాళ్ళుగానో తలుపు వేసి ఉంచిన ముక్కుకి ఆ పని మొదట్లో కష్టమైంది. చెప్పాలంటే లోపలికి రానివ్వాలి. రానిచ్చి, దానితో కాసేపు ఉండి, పేరు పెట్టాలి. పేరు పెట్టేసరికి సగం అసహ్యం ఎక్కడో జారిపోయేది. మిగతా సగం ఉండేది, అది ఎప్పటికీ ఉంటుందని ఆమె ఒప్పుకుంది.

"గుర్రం. ఎండుగడ్డి. తుప్పు, ఇనుప తుప్పు ఏదో."

"గడియ బాగుచేశాను పొద్దున. ఇంకా?"

"పొగ. తియ్యగా ఉంది. గొర్రెదా?"

"చూశావా," అనేవాడాయన, తన గుర్రం పందెం గెలిచినట్టు. "చెప్పానా." అని వెళ్ళి కూర్చునేవాడు. ఆ రోజంతా ఆ మాటలు ఆయన దగ్గరే ఉన్నట్టు, అప్పుడప్పుడు పని ఆపి, కిటికీ బయటికి చూస్తూ, ముక్కు పైకెత్తి, జ్ఞాపకంలోంచి పీల్చుకునేవాడు. దగ్గు తగ్గింది. క్లారా ఎజె ఇంకా సణుగుతూనే ఉంది. కానీ మధ్యాహ్నం రెక్క తెరిచే వేళకి తలకు శాలువా చుట్టుకుని, తన చాయ్ గిన్నె పట్టుకుని ఆవిడ కూడా ఆ గదిలోకే వచ్చి కూర్చునేది. తిట్టడానికి దగ్గరగా ఉంటుందని.

మార్చి వచ్చింది. పండగకి ముందు క్లారా ఎజె తడిగుడ్డతో కిటికీ పట్టీలు నానబెట్టి ఊడదీస్తున్న రోజు, బేషెన్ బైకె సెలవు పెట్టాడు. చిన్నకోడలు ప్రసవించి నలభై రోజులు గడిచాయి, ఇంట్లో వేడుక. మూడు గంటలవేళ మెట్ల మీద ఆయన చప్పుడు వినిపించింది, దాని వెనక ఇంకో పలచటి అడుగు. కోడలు గుమ్మం బయటే నిలబడి సిగ్గుగా నవ్వింది. బేషెన్ బైకె చేతుల్లో మడతలు మడతలుగా దుప్పటి ఉంది.

"వీడికి పేరు పెట్టాం. ఎర్మెక్," అన్నాడు. దుప్పటి అంచు వేలితో తొలగించాడు. ఎర్రటి ముఖం, మూసిన కళ్ళు, గొరిగిన తల. "తల్లీ, ఇటు రా."

కుందుజ్ లేవలేదు. ఊళ్ళో ఎవరింటికి పసిపిల్లను చూడటానికి వెళ్ళినా ఆమె చూపుడువేలితో బుగ్గ తాకి, దీవించి, వెనక్కి జరిగేది. అంతకుమించి దగ్గరికి వెళ్తే ఏమవుతుందో తనకే తెలియదు కాబట్టి వెళ్ళేది కాదు. జనం కూడా ఆమె చేతికి పిల్లల్ని ఇవ్వడం ఎప్పుడో మానేశారు. చెడ్డతనంతో కాదు, ఆమెకు కష్టమని.

"నేనేం చూస్తాను బైకె," అంది. "మీ ఇంట్లో అందరూ ఉన్నారుగా."

"అందరూ ఉన్నారు. అందరూ ఆహా అంటారు, అంతే. ఎలా ఉందో చెప్పేవాళ్ళెవరు? చెప్పడం నీకొక్కదానికే వచ్చు." ఆయన గొంతు తగ్గించాడు. "వీడైనా నాకు తెలియాలి కదా."

క్లారా ఎజె కిటికీ దగ్గర చేతిలో తడిగుడ్డ అలాగే పట్టుకుని ఆగిపోయింది. కుందుజ్ లేచింది. దగ్గరికి వెళ్ళి నిలబడింది. పిల్లవాడు నిద్రలో పెదాలు చప్పరించాడు. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుని వంగింది. నుదుటి పైన, మాడు మొదలయ్యే చోట, ముక్కు ఆనించింది. ఈసారి ఊపిరి బిగబట్టలేదు. నెమ్మదిగా, చివరి దాకా తీసుకుంది.

ఆమె అలాగే కాసేపు ఉండిపోయింది. ఎంతసేపు ఉన్నా బేషెన్ బైకె తొందరపెట్టలేదు.

"చెప్పు," అన్నాడు చివరికి, మెల్లగా.

ఆమె తలెత్తింది. కళ్ళు తడిగా ఉన్నాయి, మూతి మాత్రం ఎటో లాగుతోంది.

"పాలు," అంది. "పైన పాలు. కొంచెం పులిసినవి. ఉన్ని. వేడివేడి రొట్టె విరిచినప్పుడు వస్తుందే, అది కొంచెం."

"ఇంకా?"

"ఇంకా..." కుందుజ్ మళ్ళీ వంగి, ఇంకోసారి చూసి, ఇక నవ్వు ఆపుకోలేకపోయింది. "బైకె, పొద్దున్నుంచి వీణ్ణి మీరే ఎత్తుకుని తిరుగుతున్నారా?"

"అవును. ఎవరికీ ఇవ్వలేదు. ఎందుకు?"

"కష్కులక్ కొవ్వు," అంది. "పిల్లాడు నెత్తి నుంచి కాళ్ళ దాకా మీ వాసనే."

బేషెన్ బైకె నవ్వడం మొదలుపెట్టి, దగ్గడం మొదలుపెట్టి, రెండూ కలిసిపోయి, పిల్లవాణ్ణి పట్టుకోలేక, ఎవరికివ్వాలని చూసుకోకుండా ఆమె చేతుల్లో పెట్టేశాడు. క్లారా ఎజె చివరి పట్టీని ఊడలాగి, కిటికీ రెండు రెక్కలూ తోసేసింది.